వచ్చే మెయిల్ వస్తోంది, పోయే మెయిల్ ఆగిపోతోంది: తంబు చెట్టి వీధి ఆఫీసు కేసు

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి ఫోన్. "అబ్బాయ్, మెయిల్స్ వస్తున్నాయి గానీ పోవడం లేదు. డీవో కోసం లైన్‌కి రాయాలి. రేపటితో కంటైనర్‌కి ఫ్రీ డేస్ అయిపోతాయి. ఎక్కడున్నావు?"

చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర, తంబు చెట్టి వీధిలో రెండో అంతస్తులో ఉన్న కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసు అది. రాజాజీ సాలైలోని కస్టమ్ హౌస్‌కి నడిచి వెళ్లిపోవచ్చు. యజమానిది నెల్లూరు, నాది గూడూరు. ఆయన నన్ను అబ్బాయ్ అంటారు, నేను బాబాయ్ అంటాను. ఈ చుట్టుపక్కల వీధుల్లో చిన్న ఆఫీసుల కంప్యూటర్లు, నెట్, ప్రింటర్లు చూసుకోవడం నా పని. ఆ ఆఫీసులో ఆరు కంప్యూటర్లు, జెరాక్స్, స్కానింగ్ రెండూ చేసే పెద్ద మెషీన్ ఒకటి, ఒక ఫైబర్ కనెక్షన్ ఉన్నాయి. మెయిల్ చూసుకోవడానికి నాలుగు కంప్యూటర్లలో థండర్‌బర్డ్, రెండింట్లో ఔట్‌లుక్ ప్రోగ్రాము వాడతారు. సొంత డొమైన్ పేరు మీద నాలుగు మెయిల్‌బాక్సులు. వాటి సర్వర్ ఒక హోస్టింగ్ కంపెనీ దగ్గర ఉంది.

డీవో అంటే డెలివరీ ఆర్డర్. షిప్పింగ్ లైన్, అంటే ఓడల కంపెనీ, ఇస్తుంది. అది చేతికి రాకపోతే కస్టమ్స్ క్లియరెన్స్ అయిపోయినా సరుకు బయటికి కదలదు. లైన్ ఇచ్చిన ఉచిత రోజులు దాటితే కంటైనర్‌కి రోజుకింత అని డిటెన్షన్ కట్టాలి. మెయిల్ ఒక్క పూట ఆగినా ఈ ఆఫీసుకి బిల్లు పడుతుంది. అందుకే బాబాయ్ గొంతులో అంత టెన్షన్.

ఫోన్లోనే రెండు మాటలు చెప్పాను. మొదటిది, బ్రౌజర్‌లో వెబ్‌మెయిల్ తెరిచి, అర్జెంటు మెయిల్ అందులోంచి పంపేయమని. రెండోది, నేను వచ్చేదాకా ఎవరు చెప్పినా సరే థండర్‌బర్డ్‌లోంచి అకౌంట్ తీసెయ్యొద్దని. ఈ రెండో మాట నేను ప్రతి ఆఫీసులోనూ గట్టిగా చెబుతాను. మెయిల్ పోకపోతే "అకౌంట్ డిలీట్ చేసి మళ్లీ యాడ్ చెయ్" అనే సలహా అందరి నోటా వినిపిస్తుంది. ఐమ్యాప్ పద్ధతిలో ఉంటే పెద్దగా నష్టం లేదు, మెయిల్స్ సర్వర్‌లోనే ఉంటాయి. మెయిల్స్‌ని కంప్యూటర్‌లోకి దించుకునే పాప్ పద్ధతిలో పెట్టుకుని, సర్వర్‌లో కాపీ ఉంచే టిక్కు తీసేసి ఉంటే మాత్రం పాత మెయిల్స్ అన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయి. ఈ ఆఫీసులో అలాంటి కంప్యూటర్లు రెండు ఉన్నాయి. ఎప్పుడో మెయిల్‌బాక్సు నిండిపోతే ఎవరో ఆ టిక్కు తీసేశారు. ఆరేళ్ల ఉత్తరప్రత్యుత్తరాలు ఆ రెండు హార్డ్ డిస్కుల్లో తప్ప ఇంకెక్కడా లేవు. వాటిని పోగొట్టుకుంటే ఆపై ఏ రిపేరూ పనికిరాదు.

నేను దారిలో ఉండగానే ఫోన్ వచ్చింది, వెబ్‌మెయిల్ నుంచి డీవో రిక్వెస్ట్ వెళ్లిందని. ఊపిరి పీల్చుకున్నాను. నాకు ఒక సంగతి కూడా తేలింది. పోర్టు అంటే సర్వర్‌కి ఉండే నంబరు వేసిన తలుపు లాంటిది. వెబ్‌మెయిల్‌లో మనం బ్రౌజర్ ద్వారా 443 పోర్టులో సర్వర్ దాకా వెళ్తాం, అక్కడి నుంచి పంపే పని సర్వరే చేసుకుంటుంది. అంటే మెయిల్‌బాక్సు బాగుంది, సర్వర్ బాగుంది, డొమైన్ బాగుంది. తప్పు ఆఫీసు కంప్యూటర్లకీ సర్వర్‌కీ మధ్య ఎక్కడో ఉంది.

వెళ్లేసరికి అకౌంట్స్ చూసే అమ్మాయి కంప్యూటర్‌లో ఔట్‌బాక్స్‌లో పదకొండు మెయిల్స్ పేరుకుని ఉన్నాయి. "ఏం మెసేజ్ వచ్చిందమ్మా?" అని అడిగితే, "ఏదో ఎర్రర్ అన్నా, ఓకే కొట్టేశాను" అంది. దాదాపు అందరూ చేసేది ఇదే, ఆ అమ్మాయిని తప్పుపట్టలేను. కానీ ఆ పెట్టెలో రాసి ఉండే రెండు లైన్లే మాకు సగం పని చేసిపెడతాయి. మళ్లీ పంపించి చదివాను. లాగిన్ కుదరలేదని సర్వర్ చెబుతోంది. నంబరు 535.

ఈ నంబర్ల గురించి కాస్త చెప్పాలి. మెయిల్ పంపే పద్ధతికి ఎస్ఎంటీపీ అని పేరు. 1982లో రాసుకున్న నియమాలవి. సర్వర్ ఇచ్చే ప్రతి జవాబుకీ మూడంకెల నంబరు ఉండాలని అప్పుడే పెట్టారు. 4తో మొదలైతే ఇప్పుడు కుదరదు, కాసేపాగి మళ్లీ రా అని అర్థం. 5తో మొదలైతే నువ్వు ఏదో మార్చుకుంటే తప్ప కుదరదని అర్థం. 535 అంటే పేరు గానీ పాస్‌వర్డ్ గానీ తప్పు. 552 అంటే సైజు ఎక్కువ. 550 అనగానే అడ్రసు లేదనుకుంటారు, ఒక్కోసారి లాగిన్ కాకుండా పంపబోయినందుకు కూడా అదే వస్తుంది. ఏ నంబరు వచ్చినా ఒకటి మాత్రం ఖాయం, మన కంప్యూటర్ సర్వర్ దాకా వెళ్లి మాట్లాడి వచ్చింది. ఈ సంగతి తర్వాత అవసరపడుతుంది.

పాస్‌వర్డ్ ఎవరు మార్చారని అడిగాను. శనివారం సాయంత్రం ఆఫీసు కట్టేసే ముందు బాబాయే మార్చారట. పాస్‌వర్డులు బలంగా లేవని హోస్టింగ్ వాళ్ల దగ్గర్నుంచి హెచ్చరిక వస్తే నాలుగు మెయిల్‌బాక్సులకీ కొత్తవి పెట్టారు. మంచి పనే. సోమవారం పొద్దున థండర్‌బర్డ్ తెరవగానే పాస్‌వర్డ్ అడిగింది, అందరూ కొత్తది కొట్టారు, మెయిల్స్ వచ్చాయి. మరి పంపేటప్పుడు తప్పెలా అయింది?

థండర్‌బర్డ్ తెచ్చుకునే పాస్‌వర్డునీ, పంపే పాస్‌వర్డునీ విడివిడిగా దాచుకుంటుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద సేవ్డ్ పాస్‌వర్డ్స్ తెరిస్తే ఒకే అడ్రసుకి రెండు లైన్లు కనిపిస్తాయి. ఒకటి ఐమ్యాప్‌తో మొదలవుతుంది, ఇంకోటి ఎస్ఎంటీపీతో. మొదటిది మారింది. రెండోది పాతదే. పంపేటప్పుడు వచ్చిన పెట్టెలో కొత్త పాస్‌వర్డ్ అడిగే బటన్ ఉన్నా హడావిడిలో క్యాన్సిల్ నొక్కేశారు. నేను ఎస్ఎంటీపీ లైను తీసేసి, థండర్‌బర్డ్ మూసి తెరిచి, మళ్లీ పంపాను. పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చాను, మెయిల్ పోయింది. మిగతా మూడు కంప్యూటర్లలోనూ అదే చేశాను. ఔట్‌లుక్ ఉన్న రెండింట్లో ఔట్‌గోయింగ్ సర్వర్ ట్యాబ్‌లో, ఇన్‌కమింగ్ సెట్టింగులే దీనికీ వాడు అనే చోట టిక్కు ఉండాలి. ఒకదాంట్లో అక్కడ పాత పాస్‌వర్డ్ విడిగా కొట్టి ఉంది. సరిచేశాను.

పదకొండులో పది పోయాయి. పదకొండోది 19 ఎంబీ స్కాన్ ఫైలున్న మెయిల్. సర్వర్ పరిమితి 25 ఎంబీ. "పంతొమ్మిదే కదన్నా, ఎందుకు పోదు?" అంది అమ్మాయి. మెయిల్‌లో ఫైలు ఉన్నది ఉన్నట్టు పోదు, అక్షరాలుగా మారి పోతుంది. ప్రతి మూడు బైట్లకీ నాలుగు అక్షరాలు అవుతాయి, పైన లైన్ల మధ్య గుర్తులు ఉంటాయి. 19 ఎంబీ ఫైలు దారిలో 26 అవుతుంది. ఇన్వాయిస్‌నీ ప్యాకింగ్ లిస్టునీ 600 డీపీఐ కలర్‌లో, అంటే అవసరానికి మించిన వివరంతో, స్కాన్ చేయడం వల్ల వచ్చిన తంటా అది. 200 డీపీఐ గ్రేలో మళ్లీ స్కాన్ చేయించి పంపాం.

మధ్యాహ్నం ఒంటిగంటకి అన్నీ పోతున్నాయి. బాబాయ్ భోజనానికి ఉండమన్నా ఉండకుండా అంబత్తూరులో ఇంకో పనికి వెళ్లిపోయాను.

అలా వెళ్లిపోవడంలో నేను చేసిన తప్పు ఒకటుంది. ఆ అమ్మాయి పొద్దున్నే ఒక మాట అంది: "అప్పుడప్పుడు వేరే మెసేజ్ కూడా వస్తోందన్నా, చాలాసేపు తిరిగి తిరిగి ఏదో వస్తోంది." పాస్‌వర్డ్ తప్పు దొరికేసరికి ఆ మాట నా చెవికెక్కలేదు. ఒక కారణం దొరకగానే వెతకడం ఆపేయడం నా పనిలో అన్నిటికన్నా ఖరీదైన అలవాటు. ఆ రోజు దాని ఖరీదు బాబాయ్ కట్టారు.

నాలుగింటికి ఫోన్. "మళ్లీ మొదలైంది అబ్బాయ్."

ఈసారి ఫోన్లోనే మెసేజ్ అక్షరం అక్షరం చదివించాను. సర్వర్‌కి కనెక్ట్ అవుతుండగా టైమ్ అయిపోయిందని ఉంది. నంబరు లేదు. అంటే సర్వర్ అసలు మాట్లాడలేదు. పొద్దున జబ్బు వేరు, ఇది వేరు. అంబత్తూరు నుంచి వెంటనే రాలేకపోయాను. వెబ్‌మెయిల్ నుంచే పంపుకోమని, తెల్లారగానే వస్తానని చెప్పాను.

మంగళవారం తొమ్మిదీ ముప్పావుకి వెళ్లాను. మెయిల్ పోతోంది! ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. ఇలా తానంతట తానే బాగైన తప్పు నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతుంది, ఎందుకంటే అది తానంతట తానే తిరిగి వస్తుంది. ఈసారి కదలకూడదనుకున్నాను. కింద కొట్టు నుంచి కాఫీ తెప్పించుకుని, నా ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆ అమ్మాయి పక్క కుర్చీలో కూర్చున్నాను. పదిన్నర దాకా అన్నీ పోయాయి. పదీ యాభైకి ఆగింది.

అప్పుడు చేసినవి వరసగా చెబుతాను, ఏది ఎందుకు చేశానో ముఖ్యం కాబట్టి. యాంటీవైరస్‌లో మెయిల్ స్కానింగ్ ఆపి చూశాను. పంపే మెయిల్ మధ్యలో అది దూరి ఆపేసిన కేసులు చాలా చూశాను. ఇక్కడ తేడా రాలేదు. పైగా నేను చూసిన కంప్యూటర్లన్నింట్లోనూ ఒకేసారి ఆగింది. ఒక కంప్యూటర్ తప్పయితే మిగతావి ఆగవు. తర్వాత అమ్మాయి కంప్యూటర్‌ని నా ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపాను. మెయిల్ రివ్వున పోయింది. అదే కంప్యూటర్, అదే థండర్‌బర్డ్, అదే పాస్‌వర్డ్, దారి మాత్రమే వేరు.

ఇక్కడికి వచ్చాక చాలామంది నెట్ కంపెనీ మీద పడతారు. నేనూ ఫోన్ చేశాను, వాళ్లు తమ దగ్గర ఏమీ ఆపలేదన్నారు. నమ్మొచ్చా లేదా అని వాదించే బదులు పరీక్షించవచ్చు. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్‌లో టెస్ట్ నెట్‌కనెక్షన్ అనే కమాండు ఉంది. సర్వర్ పేరు, పోర్టు నంబరు ఇస్తే ఆ తలుపు తెరిచి ఉందో లేదో చెబుతుంది. ఆఫీసు ఫైబర్ మీదే నాలుగు తలుపులు తట్టాను. మా మెయిల్ సర్వర్ 993, అంటే మెయిల్ తెచ్చుకునే పోర్టు, తెరుచుకుంది. అదే సర్వర్ 587, పంపే పోర్టు, తెరుచుకోలేదు. 465 కూడా పంపే పోర్టే, అదీ తెరుచుకోలేదు. చివరిగా జీమెయిల్ వాళ్ల పంపే సర్వర్ 587 తట్టాను. తెరుచుకుంది.

నెట్ కంపెనీ 587ని ఆపి ఉంటే జీమెయిల్‌దీ తెరుచుకోకూడదు. చాలా నెట్ కంపెనీలు స్పామ్ భయంతో 25ని ఆపుతాయి. ఆ పోర్టు సర్వర్లు తమలో తాము మాట్లాడుకోవడానికి. మనలాంటివాళ్లు పంపడానికి 587 అని 1998లోనే విడదీశారు. మొదటి నుంచీ ఎన్‌క్రిప్షన్‌తో మొదలయ్యే 465ని వాడమని 2018లో సిఫారసు వచ్చింది. అయినా ఇప్పటికీ సెట్టింగుల్లో 25 పెట్టుకున్న ఆఫీసులు నాకు ఎదురవుతూనే ఉంటాయి. ఇక్కడ మాత్రం అన్నీ 587లోనే ఉన్నాయి. నెట్ కంపెనీ తప్పు లేదు. సర్వర్ చచ్చిపోలేదు, హాట్‌స్పాట్ నుంచి పలుకుతోంది. మిగిలింది ఒక్కటే: ఈ ఆఫీసు ఐపీ అడ్రసు, అంటే నెట్‌లో దీని చిరునామా నంబరు, చూసి, మెయిల్ పంపే తలుపులు మాత్రం సర్వరే మూసేస్తోంది.

పరీక్షకి రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. కొత్త ఐపీ వచ్చింది. పదకొండుంపావు, మెయిల్స్ పోతున్నాయి. పదకొండూ నలభైకి మళ్లీ ఆగాయి. కొత్త ఐపీని కూడా అరగంట తిరక్కుండా మూసేసింది. ఇక సందేహం లేదు. ఆఫీసులోంచే ఏదో పోయి సర్వర్‌ని విసిగిస్తోంది.

మెయిల్ సర్వర్ల మీద రాత్రింబవళ్లు ఎవరో ఒకరు పాస్‌వర్డులు ఊహించి కొడుతూనే ఉంటారు. వాళ్లని ఆపడానికి సర్వర్ వాళ్లు కాపలా ప్రోగ్రాములు పెడతారు. ఫెయిల్‌టూబ్యాన్ అనేది బాగా తెలిసింది. అది లాగ్, అంటే సర్వర్ రాసుకునే చిట్టా, చదువుతూ కూర్చుంటుంది. మామూలుగా దాంతో వచ్చే లెక్క, పది నిమిషాల్లో అయిదు తప్పు లాగిన్లు వస్తే ఆ ఐపీని పది నిమిషాలు మూసెయ్యడం. ఎవరికి వాళ్లు ఆ లెక్క పెంచుకోవచ్చు. సర్వర్ కంటికి మన ఆఫీసులో ఆరు కంప్యూటర్లు, ఫోన్లు అని విడిగా ఉండవు. అన్నీ ఒకే రౌటర్ వెనక, ఒకే ఐపీతో కనిపిస్తాయి. ఒకరు తప్పు చేస్తే అందరికీ తలుపు పడుతుంది.

హోస్టింగ్ వాళ్లకి ఫోన్ చేస్తే మొదట "మీ వైపు ప్రాబ్లం సార్, సర్వర్ బాగానే ఉంది" అన్నారు. ఇలాంటప్పుడు గొడవపడితే టైమ్ పోతుంది. నేను టికెట్‌లో నాలుగే విషయాలు రాశాను: మా రెండు ఐపీ అడ్రసులు, ఆగిన సమయాలు నిమిషాలతో సహా, నాలుగు పోర్టుల పరీక్షలో ఏది తెరుచుకుంది ఏది లేదు, హాట్‌స్పాట్ నుంచి పోతోందన్న మాట. పావుగంటలో ఇంకొకాయన తిరిగి ఫోన్ చేశారు. విషయం తెలిసిన మనిషి. తప్పు లాగిన్లకి మీ ఐపీని గంటసేపు మూశాం అన్నారు. పంపేటప్పుడు తప్పు చేస్తే పంపే పోర్టులే మూసేలా పెట్టుకున్నారట. మెయిల్ రావడం ఎందుకు ఆగలేదో అప్పటికి పూర్తిగా అర్థమైంది. లాగ్ అడిగితే పంపారు.

లాగ్‌లో తప్పు లాగిన్లు రెండు గుంపులుగా ఉన్నాయి. 10:46 నుంచి 10:49 దాకా ఒకటి, 11:36 నుంచి 11:38 దాకా ఒకటి. రెండింట్లోనూ పేరు ఒకటే, డాక్యుమెంట్ల కోసం పెట్టుకున్న మెయిల్‌బాక్సు. ఆ మెయిల్‌బాక్సు రెండు కంప్యూటర్లలోనే ఉంది. రెండూ నేను సోమవారం నా చేత్తో సరిచేసినవే. ఒకదాంట్లో ఆ టైమ్‌కి థండర్‌బర్డ్ తెరిచి కూడా లేదు. ఫోన్లలో ఆ అడ్రసు ఎవరూ పెట్టుకోలేదు, ఒక్కొక్కరి ఫోనూ అడిగి చూశాను.

పది నలభై ఆరుకి ఈ గదిలో ఏం జరిగింది? పైకే అడిగాను. ఎవరికి గుర్తుంటుంది? కానీ తలుపు పక్క బల్ల మీద ఒక పొడవాటి రిజిస్టర్ ఉంది. బయటి నుంచి వచ్చే ప్రతి డాక్యుమెంట్ సెట్టూ అందులో ఎక్కుతుంది: పార్టీ, బీఎల్ (సరుకు ఓడకెక్కినట్టు లైన్ ఇచ్చే కాగితం) నంబరు, ఎవరు తెచ్చారు, టైము. చివరి గడిలో స్కాన్ అయ్యాక టిక్కు. దాన్ని రాసేది, స్కాన్ చేసేది ఇరవై ఏళ్ల కుర్రాడు. మంగళవారం పేజీలో వాడి చేతిరాతతో 10:45కి రెండు సెట్లు, 11:35కి రెండు సెట్లు ఉన్నాయి. లాగ్ కాగితం ఆ పేజీ పక్కన పెట్టాను. ఒకటి మెషీన్ రాసింది, ఇంకోటి కుర్రాడు నీలం పెన్నుతో రాసింది. రెండూ నిమిషం తేడాలో కలిశాయి.

సోమవారం పేజీ కూడా తిప్పాను. పదకొండున్నర తర్వాత మధ్యాహ్నం మూడు ముప్పావు దాకా ఒక్క స్కానూ లేదు. నేను అంతా బాగైందనుకుని వెళ్లిన టైమ్ అది. నాలుగింటికి బాబాయ్ ఫోన్.

కుర్రాణ్ణి మెషీన్ దగ్గరికి తీసుకెళ్లాను. "నువ్వు రోజూ ఎలా చేస్తావో చెయ్యి, చివరి బటన్ మాత్రం నొక్కకు" అన్నాను. కాగితాలు పైన పెట్టాడు, ప్యానెల్ మీద మెయిల్ బొమ్మ నొక్కాడు, అడ్రసుల్లోంచి డాక్యుమెంట్ల మెయిల్‌బాక్సు ఎంచుకున్నాడు. నేను జాబ్ లాగ్ తెరిచాను. శనివారం దాకా వరసగా ఓకే, ఓకే. సోమవారం నుంచి ఒక్కటీ పోలేదు. ప్రతి జాబుకీ మూడేసి సార్లు ప్రయత్నం, మూడేసి సార్లు ఫెయిల్. మెషీన్ అడ్మిన్ మెనూలో ఎస్ఎంటీపీ సెటప్ తెరిస్తే అదే మెయిల్‌బాక్సు పేరు, కింద చుక్కలుగా పాత పాస్‌వర్డ్. ఎన్నేళ్ల కిందటో మెషీన్ పెట్టినవాళ్లు కొట్టి వెళ్లారు. అందులో ఒక పాస్‌వర్డ్ ఉందని ఆఫీసులో ఎవరికీ తెలియదు. నాకూ తోచలేదు.

"స్కాన్లు మెయిల్‌కి రావట్లేదని నీకు తెలియలేదా రా?" అని బాబాయ్ అడిగారు. వాడు తలొంచుకుని, "తెలుసు సార్. మెయిల్ పనిచేయట్లేదని అందరూ అంటున్నారు కదా, అందుకే రాలేదనుకున్నా. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేస్తున్నా" అన్నాడు. వాడి లెక్కలో వాడు ఆఫీసుకి సాయం చేస్తున్నాడు, పని ఆగకుండా చూశాడు. నేను బాబాయ్‌కి అదే చెప్పాను. వాణ్ణి ఒక్క మాట అనడానికి లేదు.

కారణం దొరికిందని అనిపించడం వేరు, అదే కారణమని తేలడం వేరు. సోమవారం దెబ్బ తిన్నాను కాబట్టి ఈసారి రుజువు కావాలనుకున్నాను. పన్నెండున్నరకి మెషీన్ నుంచి నెట్ కేబుల్ పీకేశాను. గంట గడువు తీరి పన్నెండూ ముప్పావుకి 587 తెరుచుకుంది, మెయిల్స్ పోయాయి. అప్పుడు బాబాయ్‌ని అడిగాను: అర్జెంటువన్నీ పంపేసుకోండి, భోజనాల టైమ్‌లో పాత పాస్‌వర్డ్‌తోనే రెండు జాబులు స్కాన్ చేస్తాను, మళ్లీ తలుపు మూసుకుంటే ఖాయం. ఆయనకి మనసు రాలేదు. బాగుపడినదాన్ని చేజేతులా చెడగొట్టడం ఎవరికి ఇష్టం? కాసేపాలోచించి సరే అన్నారు. ఒంటిగంటా పదికి కేబుల్ పెట్టి రెండు తెల్ల కాగితాలు విడివిడిగా స్కాన్ చేశాను. మూడేసి చొప్పున ఆరు ఫెయిల్స్. ఒకటింబావుకి 587 తట్టితే మూసి ఉంది.

హోస్టింగ్ ఆయనకి ఫోన్ చేసి కారణం దొరికిందని చెబితే వెంటనే ఐపీ విడిపించారు. మా ఐపీని ఎప్పటికీ మూయకుండా జాబితాలో పెట్టమని కొందరు అడుగుతారు. మాది మారిపోయే ఐపీ, రేపు అది వేరేవాళ్లకి వెళ్తుంది, కాబట్టి నేను అడగలేదు. మెషీన్‌లో కొత్త పాస్‌వర్డ్ కొట్టి వదిలేస్తే సరిపోయేది. కానీ మళ్లీ ఎవరైనా డాక్యుమెంట్ల పాస్‌వర్డ్ మారిస్తే కథ మొదటికొస్తుంది. అందుకని స్కాన్ల కోసమే ఇంకో చిన్న మెయిల్‌బాక్సు పెట్టించి, దాని పాస్‌వర్డ్ మెషీన్‌లో మాత్రమే ఇచ్చాను. క్యూలో మిగిలిన పాత జాబులు తుడిచేశాను. కుర్రాడి చేతనే మొదటి స్కాన్ పంపించాను.

ఇంతటితో అయిపోలేదు. ఇంపోర్ట్ డెస్క్ కంప్యూటర్ సోమవారం సాయంత్రం నుంచి ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదని అక్కడ కూర్చునే ఆయన సంతోషంగా చెప్పారు. నాకు అనుమానం వచ్చింది. అందరికీ ఆగినప్పుడు మీకెలా పోతోంది? చూస్తే, ఫోన్లో ఎవరో చెబితే, తన సొంత జీమెయిల్‌కి, బయటి ప్రోగ్రాముల కోసం ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తెచ్చుకుని, ఔట్‌గోయింగ్ సర్వర్‌గా జీమెయిల్‌ని పెట్టేసుకున్నారు. థండర్‌బర్డ్‌లో ఒక అకౌంట్‌కి తెచ్చుకునే సర్వర్ ఒకటి, పంపే సర్వర్ ఇంకొకటి ఉండొచ్చు, అది అడ్డుచెప్పదు. కానీ మనది కాని అడ్రసు పేరుతో పంపబోతే, ఆ అడ్రసు జీమెయిల్‌లో ముందే ధ్రువీకరించి ఉండకపోతే, జీమెయిల్ పంపినవారి చోట తన అడ్రసు వేసి పంపుతుంది. ఆయన తెరమీద ఆఫీసు అడ్రసే కనిపిస్తోంది. అవతల షిప్పింగ్ లైన్‌కి మాత్రం ఎవరిదో సొంత జీమెయిల్ నుంచి డీవో అడిగినట్టు వెళ్లింది. లైన్ వాళ్లు తమ దగ్గర రిజిస్టర్ అయిన మెయిల్ నుంచి వస్తేనే చూస్తారు. సోమవారం సాయంత్రం రెండో కంటైనర్‌కి పంపిన రిక్వెస్ట్ అలా మూలన పడి ఉంది. ఫోన్ చేస్తే "మీ దగ్గర్నుంచి మెయిలే రాలేదు" అన్నారు. మొదటి కంటైనర్ వెబ్‌మెయిల్ పుణ్యాన గట్టెక్కింది. రెండోదానికి ఒక రోజు డిటెన్షన్ పడింది.

ఆ ఒక్క రోజూ నాకు ఇప్పటికీ మనసులో ఉంది. సోమవారం ఒంటిగంటకి వెళ్లిపోకుండా, ఆ అమ్మాయి చెప్పిన రెండో మెసేజ్ పట్టుకుని ఇంకో గంట కూర్చుని ఉంటే పడేది కాదు. బాబాయ్ ఏమీ అనలేదు. నా బిల్లులో రెండు రోజులకీ డబ్బు వేయబోతే నేను ఒక రోజుకే తీసుకున్నాను.

జీమెయిల్ సర్వర్‌ని తీసి ఆ కంప్యూటర్‌ని దాని దారికి తెచ్చాక, సాయంత్రం బాబాయ్‌తో కూర్చుని ఒక కాగితం రాశాం. ప్రతి మెయిల్‌బాక్సు పాస్‌వర్డ్ ఎక్కడెక్కడ దాగి ఉందో ఆ జాబితా. అకౌంట్స్ మెయిల్‌బాక్సుదే ఏడు చోట్ల తేలింది: మూడు కంప్యూటర్లు, రెండు ఫోన్లు, ఇన్వాయిస్‌లు నేరుగా మెయిల్ చేసే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, బాబాయ్ ఇంట్లో ల్యాప్‌టాప్. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో కూడా పాతదే ఉంది. నెలాఖరున ఇన్వాయిస్‌లు పంపడం మొదలుపెట్టగానే మళ్లీ తలుపు మూసుకునేది. అప్పుడే సరిచేశాను. ఆ కాగితాన్ని రౌటర్ పైన గోడకి అంటించాం, పాస్‌వర్డులు రాయకుండా, చోట్లు మాత్రమే.

వారం తర్వాత హోస్టింగ్ ఆయన్ని లాగ్ మళ్లీ అడిగాను. మా ఐపీల నుంచి తప్పు లాగిన్ ఒక్కటీ లేదు.

మూడు నెలలకి నాకు ఆ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నంబరు బాబాయ్‌ది, గొంతు స్కానింగ్ కుర్రాడిది. "అన్నా, ఈ శనివారం పాస్‌వర్డులు మారుస్తామంటున్నారు. గోడ మీద కాగితం తీసుకుని అన్నీ చూశాను. మెషీన్‌ది వేరే కదా, దాన్ని ముట్టుకోనక్కర్లేదు కదా?"

"అక్కర్లేదు" అన్నాను.

"బిల్లింగ్ ఉన్న కంప్యూటర్‌లో మాత్రం నేనే మారుస్తా. మారుస్తున్నప్పుడు లైన్లో ఉండన్నా" అన్నాడు.